టెన్సింగ్ నార్గే - తాడుకు అటు చివర మనిషి



ఈసారి గోడపత్రికలో మహనీయుల జీవితం శీర్షిక నన్ను రాయమన్నారు మా తెలుగు సార్. ఎప్పుడూ ఒక్క చార్టులో అయిపోయే శీర్షిక ఇది. నేను అడిగి నాలుగు చార్టులు తీసుకున్నాను. ఇదివరకు అల్లూరి సీతారామరాజు, కొమురం భీం, గుర్రం జాషువా గురించి మీరు చదివారు. నేను కొండలెక్కిన ఒక మనిషి గురించి రాస్తున్నాను. ఎందుకో ముందు చెప్పాలి. లేకపోతే కథ సగమే అర్థమవుతుంది.

పోయిన ఏడాది సీతాఫలాల రోజుల్లో నేను బండ మీంచి పడ్డ సంగతి మీ అందరికీ తెలుసు. నేను, బావ, ఏడో తరగతి తమ్ముడొకడు, ముగ్గురం పోయినాం. బావ అంటే మా మేనమామ కొడుకు. నా క్లాసే, నా పక్క మంచమే. బావ ముందు ఎక్కినాడు. వెనక నేను ఎక్కుతుంటే బండ అంచు దగ్గర నా కాలు జారింది. బావ పైనుంచి వంగి నా చెయ్యి పట్టుకున్నాడు. కొంచెంసేపు గాలిలో ఆగినాను. తర్వాత చెయ్యి విడిపోయింది. కింద రాళ్ళ మీద పడ్డాను. కుడికాలు విరిగింది. మూడు నెలలు సిమెంటు కట్టుతో ఇంటి దగ్గరే ఉన్నాను.

చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ నేను ఒకటే మాట చెప్పినాను. బావ నా చెయ్యి వదిలేసినాడు అని. ఆ మాట బడి దాకా పోయింది. బావ ఏమీ అనలేదు. నేను తిరిగి వచ్చేసరికి మంచం మార్చుకున్నాడు.

మాది నల్లమలలో చెంచుపెంట. మా తాత కొండ తేనె తీసేవాడు. నారతో పేనిన తాడు పైన చెట్టుకు కట్టి, దాన్ని పట్టుకొని కొండ చరియకు దిగేవాడు. పైన తాడు దగ్గర కూర్చునేది ఎవరనుకున్నారు? మా నాయనమ్మ తమ్ముడు. అన్నదమ్ములను కూడా కూర్చోబెట్టేవాళ్ళు కాదంట. తన అక్క పసుపు కుంకుమలు పోగొట్టుకోవాలని ఏ తమ్ముడూ కోరుకోడు కదా, అందుకని బావమరిదినే నమ్మేవాళ్ళు. అలాంటి వరస వాడే నన్ను వదిలేశాడని నాకు మండింది. మంచంలో పడుకొని ఆ కోపాన్నే పెంచుకుంటూ ఉన్నాను. అప్పుడు సార్ ఒక పుస్తకం తెచ్చి ఇచ్చారు. అది టెన్సింగ్ నార్గే జీవితం. ఇక ఆ కథ చెప్తాను.

బాల్యం

టెన్సింగ్ 1914లో పుట్టాడు. మే నెల అని పంటలను బట్టి లెక్క కట్టారు గాని తేదీ రాసిపెట్టినవాళ్ళు లేరు. మన పెంటల్లో ముసలివాళ్ళు ఫలానా కరువు ఏట పుట్టినాను అని చెప్పినట్టే. 13 మంది సంతానంలో 11వ వాడు. చాలామంది చిన్నప్పుడే పోయారు. తండ్రి జడల బర్రెలు కాసేవాడు. మొదట పెట్టిన పేరు నామ్‌గ్యాల్ వాంగ్డి. తర్వాత ఒక లామా చెప్పగా టెన్సింగ్ నార్గే అని మార్చారు. ఆ పేరులో భాగ్యవంతుడు అనే అర్థం ఉంది. పేరులో తప్ప ఇంట్లో భాగ్యం లేదు.

పెరిగింది నేపాల్‌లో సోలుఖుంబు ప్రాంతంలోని థామే అనే ఊళ్ళో. సముద్రమట్టానికి 12 వేల అడుగుల పైన ఉంటుంది ఆ ఊరు. మన నల్లమల కొండలు మూడు వేల అడుగులే. షెర్పా అంటే మూటలు మోసే కూలీ అని నేను అనుకునేవాణ్ణి. కాదు. అది ఒక కొండజాతి పేరు. ఎన్నో తరాల కింద టిబెట్ నుంచి వలస వచ్చినవాళ్ళు. షెర్పా అంటే తూర్పు నుంచి వచ్చినవాడు అని అర్థం.

అతను బడికి పోలేదు. ఆ ఊళ్ళల్లో బడి లేదు. జీవితాంతం చదవడం రాయడం రాలేదు. కాని విని విని చాలా భాషలు మాట్లాడేవాడు. జడల బర్రెలను మేపుతూ దూరంగా కనిపించే ఒక పెద్ద శిఖరాన్ని చూసేవాడు. ప్రపంచం దాన్ని ఎవరెస్టు అంటుంది. షెర్పాలు చోమోలుంగ్మా అంటారు. ఏ పిట్టా దాని మీదుగా ఎగరలేదని తల్లి చెప్పేది. అతనికి పదేళ్ళప్పుడు, 1924లో, మాలరీ, ఇర్విన్ అనే ఇద్దరు బ్రిటిష్ వాళ్ళు ఆ కొండ మీద కనిపించకుండా పోయారు. మూటలు మోయడానికి పోయి వచ్చిన షెర్పాలు ఆ సంగతులు చెప్పుకుంటుంటే విన్నాడు. అప్పటినుంచి ఆ కొండే అతని ధ్యాస.

డార్జిలింగ్ చేరడం

ఇంట్లో చెప్పకుండా ఒకసారి కాట్మండుకు పారిపోయి వచ్చాడు. 18 ఏళ్ళప్పుడు, 1932లో, మళ్ళీ వెళ్ళిపోయి డార్జిలింగ్ చేరాడు. కొండలెక్కే దొరలు షెర్పాలను కూలికి కుదుర్చుకునేది అక్కడే. 1933లో వచ్చిన దళం అతన్ని తీసుకోలేదు. 1935లో ఎరిక్ షిప్టన్ నాయకత్వంలో వచ్చిన దళం చివరి నిమిషంలో తీసుకుంది. రోజుకు 12 అణాలు కూలి. మంచుగీత దాటితే రూపాయి.

1936లో, 1938లో మళ్ళీ వెళ్ళాడు. 1938లో సుమారు 27 వేల అడుగుల దాకా బరువు మోసినందుకు టైగర్ అనే బిరుదు, పతకం ఇచ్చారు. అంత ఎత్తులో గాలి మనం పీల్చేదానిలో మూడో వంతే ఉంటుంది. నాలుగడుగులు వేస్తే రొప్పు వస్తుంది. అందులో వీపు మీద మూట.

ఆ తర్వాత ప్రపంచ యుద్ధం వచ్చి దళాలు రావడం ఆగిపోయింది. నాలుగేళ్ళ కొడుకు చనిపోయాడు. 1944లో భార్య దావా ఫుటి చనిపోయింది. ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకొని డార్జిలింగ్ తిరిగి వచ్చాడు. ఆంగ్ లామును పెళ్ళి చేసుకున్నాడు. అతనికి పని దొరకని రోజుల్లో ఆమె ఆయాగా పనిచేసి ఇల్లు నడిపింది.

కేదార్‌నాథ్ కొండ మీద (1947)

ఇక్కడినుంచి నిదానంగా చదవండి. నేను ఈ భాగం మూడుసార్లు చదివినాను.

1947లో స్విట్జర్లాండ్ వాళ్ళ దళం గఢ్వాల్ కొండలకు వచ్చింది. కేదార్‌నాథ్ గుడి మనకు తెలుసు. దాని వెనక నిలబడే కేదార్‌నాథ్ శిఖరం 6,940 మీటర్లు. ఆ దళంలో షెర్పాల పెద్ద వాంగ్డి నోర్బు. షెర్పాల పెద్దను సర్దార్ అంటారు. టెన్సింగ్ కింద పనిచేసేవాడు మాత్రమే.

వాంగ్డి నోర్బు, ఆల్‌ఫ్రెడ్ సుటర్ అనే స్విస్ మనిషి ఒకే తాడుకు కట్టుకొని నడుస్తున్నారు. కాలు జారి ఇద్దరూ మంచు వాలు మీద వందల అడుగులు కిందికి పోయారు. సుటర్ బతికి లేచాడు. వాంగ్డి నోర్బుకు కాలు విరిగింది, తలకు దెబ్బ తగిలింది. మిగతావాళ్ళు దిగి వచ్చి చూశారు. వాళ్ళూ అలిసిపోయి ఉన్నారు, పొద్దు పోతోంది. అతన్ని కిందికి దించే శక్తి లేదు. ఉన్నంతలో భద్రమైన చోట పెట్టి, సాయం తేవడానికి దిగిపోయారు.

సాయం చేరడం ఆలస్యమైంది. రాత్రంతా అతను ఒక్కడే. చలి, నొప్పి. అన్నిటికన్నా ఎక్కువగా, తనను వదిలేసిపోయారు, ఇక ఎవరూ రారు అనే ఆలోచన. ఆ ఆలోచన తట్టుకోలేక ఆయన తన ప్రాణం తానే తీసుకోబోయాడు. ఎన్నో కొండలు చూసిన ధైర్యవంతుడు, టైగర్ బిరుదు ఉన్నవాడు. అలాంటివాణ్ణి కూడా విరిగిన కాలు అంతగా కుంగదీయలేదు, ఒంటరితనం కుంగదీసింది.

టెన్సింగ్, తోటివాళ్ళు పైకి వెళ్ళారు. ప్రాణంతోనే ఉన్న వాంగ్డి నోర్బును చేరుకొని కిందికి మోసుకొచ్చారు. ఆయన బతికాడు. ఆ తర్వాత ఆ దళానికి టెన్సింగే సర్దార్ అయ్యాడు. సర్దార్ కావడం అదే మొదటిసారి. ఆ దళంతో కలిసి కేదార్‌నాథ్ శిఖరం కూడా ఎక్కాడు. కాని అతని గొప్ప నాకు శిఖరం ఎక్కడంలో కనిపించలేదు. పడిపోయినవాడి కోసం మళ్ళీ పైకి పోవడంలో కనిపించింది.

చేతికి అందని మనిషి (1951)

1951లో టెన్సింగ్ ఫ్రెంచి వాళ్ళతో నందాదేవికి వెళ్ళాడు. డుప్లా, వీన్యే అనే ఇద్దరు శిఖరం వైపు పోయి తిరిగి రాలేదు. వాళ్ళను వెతకడానికి టెన్సింగ్, లూయీ డ్యూబోస్ట్ అనే అతనితో కలిసి నందాదేవి తూర్పు శిఖరం ఎక్కాడు. పేరు కోసం ఎక్కలేదు, వెతకడానికి ఎక్కాడు. వాళ్ళు దొరకలేదు. తను ఎక్కిన అన్నిటిలో కష్టమైనది ఇదేనని, ఎవరెస్టు కాదని, తర్వాత టెన్సింగ్ చెప్పాడు.

అదే ఏడాది వానలు పోయాక జార్జ్ ఫ్రే అనే స్విస్ మనిషితో కాంచన్‌జంగ ప్రాంతంలోని కాంగ్ అనే శిఖరానికి వెళ్ళాడు. మంచు మీద జారకుండా బూట్ల కింద ఇనుప ముళ్ళ చట్రం కట్టుకుంటారు. దాన్ని క్రాంపాన్ అంటారు. టెన్సింగ్ కట్టుకున్నాడు. దారి సులువుగానే ఉందనిపించి ఫ్రే కట్టుకోలేదు. ఒకరికొకరు తాడు కూడా కట్టుకోలేదు.

పైన నడుస్తున్న ఫ్రే కాలు జారాడు. కింద ఉన్న టెన్సింగ్ వైపే వచ్చాడు. టెన్సింగ్ గట్టిగా నిలబడి చెయ్యి చాచి పట్టుకోబోయాడు. చెయ్యి తగిలింది. కాని ఆగలేదు. టెన్సింగ్ వేలు విరిగింది. ఫ్రే కిందికి పోయాడు. చనిపోయాడు.

ఇది చదివినాక నేను పుస్తకం మూసి పక్కన పెట్టినాను.

బడికి వచ్చినాక సైన్సు సార్ దగ్గరికి పోయి అడిగినాను, పడే మనిషిని చేత్తో పట్టుకోవచ్చా అని. సార్ బోర్డు మీద లెక్క వేసి చూపించారు. ఏ ఆధారమూ లేకుండా 5 మీటర్లు పడేసరికి వేగం సెకనుకు 10 మీటర్లు అవుతుంది. అంటే గంటకు 36 కిలోమీటర్లు. మన ఘాటు రోడ్డు మీద బస్సు పోయే వేగం. పోయే బస్సును ఒంటిచేత్తో ఆపగలవా అని అడిగారు సార్. పడకుండా వేలాడే మనిషి సంగతి ఏమిటి సార్ అన్నాను. పట్టుకున్నవాడి కాళ్ళకు ఆనుకునే చోటు లేకపోతే వాడు కూడా మెల్లమెల్లగా అంచుకు జరుగుతాడు, చివరికి ఇద్దరూ పడతారు అన్నారు. అందుకే కొండలెక్కేవాళ్ళు చేతిని నమ్మరు, తాడును నమ్ముతారు అన్నారు.

టెన్సింగ్ చెయ్యి వదిలేశాడు అని ఆ పుస్తకంలో ఎక్కడా రాసి లేదు. ఎవరూ అట్లా అనలేదు.

లాంబర్ట్‌తో స్నేహం (1952)

1952లో స్విస్ దళం ఎవరెస్టుకు వచ్చింది. అందులో రేమండ్ లాంబర్ట్ అనే ఆయన ఉన్నాడు. 1938లో మంచు తుఫానులో చిక్కుకొని ఆయన రెండు పాదాల వేళ్ళూ పోగొట్టుకున్నాడు. వేళ్ళు లేని పాదాలకు పొట్టి బూట్లు కుట్టించుకొని మళ్ళీ కొండలెక్కాడు. లాంబర్ట్‌కు టెన్సింగ్ భాష రాదు, టెన్సింగ్‌కు లాంబర్ట్ భాష రాదు. అయినా ప్రాణ స్నేహితులయ్యారు.

మే నెల చివర ఇద్దరూ సుమారు 8,400 మీటర్ల ఎత్తున ఒక చిన్న గుడారంలో రాత్రి గడిపారు. పడుకునే సంచులు లేవు. పొయ్యి లేదు. కొవ్వొత్తి మంట మీద డబ్బాలో మంచుముక్క కరిగించి గొంతు తడుపుకున్నారు. నిద్రపోతే గడ్డకట్టుకు పోతారు. అందుకని రాత్రంతా ఒకరినొకరు తట్టుకుంటూ, రుద్దుకుంటూ మేలుకొని ఉన్నారు. తెల్లారి మే 28న ఇంకా పైకి పోయి దాదాపు 8,600 మీటర్ల దగ్గర ఆగిపోయారు. శిఖరానికి ఇంకా 250 మీటర్లు. ఇంకొంచెం పోతే తిరిగి రాలేమని తెలిసి దిగి వచ్చారు. అప్పటికి ఏ మనిషీ అంత ఎత్తు ఎక్కి తిరిగి వచ్చినట్టు లెక్క లేదు.

అదే ఏడాది వానల తర్వాత మళ్ళీ ప్రయత్నించారు. ఈసారి మింగ్మా దోర్జే అనే షెర్పా పైనుంచి రాలిన మంచుగడ్డలు తగిలి చనిపోయాడు. చలిగాలికి ఓడి అందరూ దిగారు. టెన్సింగ్‌కు మలేరియా వచ్చి పాట్నాలో ఆస్పత్రి పాలయ్యాడు. విడిపోయేటప్పుడు లాంబర్ట్ తన ఎర్ర మఫ్లరు తీసి టెన్సింగ్‌కు ఇచ్చాడు. ఈ మఫ్లరు గుర్తు పెట్టుకోండి.

తాడు నిలిచిన రోజు (1953)

1953లో కర్నల్ జాన్ హంట్ నాయకత్వంలో బ్రిటిష్ దళం వచ్చింది. 350 మందికి పైగా కూలీలు సామాను మోశారు. టెన్సింగ్ సర్దార్, దాంతోపాటు ఎక్కేవాళ్ళలో ఒకడు. జబ్బు నుంచి లేచి ఎంతోకాలం కాలేదు. వయసు 39. ఇది అతనికి ఎవరెస్టు మీద ఏడో ప్రయత్నం. ఆ దళంలోనే న్యూజిలాండు నుంచి వచ్చిన ఎడ్మండ్ హిల్లరీ ఉన్నాడు. తేనెటీగలు పెంచుకునే కుటుంబం. తేనె మనిషి అని చదివి నాకు మా తాత గుర్తొచ్చినాడు.

ఏప్రిల్ 26న ఇద్దరూ ఒకే తాడుకు కట్టుకొని మంచు జలపాతం గుండా కిందికి వస్తున్నారు. మంచు జలపాతం అంటే నీళ్ళు కావు. కొండ మీంచి మెల్లగా జరిగే మంచు ముక్కలై, నెర్రెలిచ్చి ఉండే చోటు. ఎండాకాలం చెరువులో నెర్రెలు చూశాం కదా. అవి వేలెడు వెడల్పు. ఇక్కడి నెర్రెలు మనిషిని, ఇల్లును కూడా మింగేంత ఉంటాయి.

ముందు హిల్లరీ. ఒక నెర్రె అడ్డం వచ్చింది. నిదానించకుండా దూకాడు. అవతల అంచు మంచు విరిగింది. ఆ మంచుగడ్డతో సహా లోపలికి పోయాడు. వెనక ఉన్న టెన్సింగ్ ఆలోచించడానికి సమయం లేదు. చేతిలోని మంచు గొడ్డలి కర్రను మంచులోకి దిగేశాడు. తాడును దాని చుట్టూ మెలి వేశాడు. ఒళ్ళంతా బరువు పెట్టి ఆనుకున్నాడు. తాడు బిగిసింది. హిల్లరీ సుమారు 15 అడుగుల లోతున ఆగిపోయాడు. తర్వాత మెల్లగా బయటికి వచ్చాడు.

ఇందులో ఉపాయం ఏమిటో చూడండి. పడిన బరువు చేతుల మీద పడలేదు. తాడు నుంచి గొడ్డలికి, గొడ్డలి నుంచి మంచుకు పోయింది. మా తాత తాడును చెట్టుకు ఎందుకు కట్టేవాడో నాకు అప్పుడు తెలిసింది. బావమరిది పైన కూర్చునేది చేతులతో మోయడానికి కాదు. తాడు రాయికి ఒరుసుకోకుండా, ముడి జారకుండా కాపలా కాయడానికి. బరువు మోసేది చెట్టు. మేము బండ ఎక్కినప్పుడు చెట్టూ లేదు, తాడూ లేదు. బావకు ఉన్నది చెయ్యి ఒక్కటే.

1951లో ఫ్రే పడినప్పుడూ అదే టెన్సింగ్. 1953లో హిల్లరీ పడినప్పుడూ అదే టెన్సింగ్. రెండేళ్ళలో మనిషి మారలేదు. ఒకసారి తాడు లేదు, ఒకసారి ఉంది. తేడా అంతే.

శిఖరం మీద

ఆ రోజు తర్వాత ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి గట్టి నమ్మకం కుదిరింది. మే 26న బోర్డిలాన్, ఎవాన్స్ అనే ఇద్దరు ముందు ప్రయత్నించారు. దక్షిణ శిఖరం దాకా పోయి, ప్రాణవాయువు పరికరం ఇబ్బంది పెట్టడంతో వెనక్కి వచ్చారు. తర్వాత వంతు హిల్లరీ, టెన్సింగ్‌లది. మే 28న జార్జ్ లో, గ్రెగరీ, ఆంగ్ నీమా అనే ముగ్గురు వాళ్ళ సామాను 8,500 మీటర్ల దాకా మోసి, అక్కడ దించి వెనక్కి దిగిపోయారు. వాళ్ళు శిఖరం చూడలేదు. వాళ్ళు మోయకపోతే ఈ ఇద్దరూ చూసేవాళ్ళు కారు. పుస్తకాల్లో ఇద్దరి పేర్లే ఉంటాయి. అందుకే నేను ముగ్గురి పేర్లూ రాశాను.

తెల్లారి హిల్లరీ బూట్లు రాయిలా గడ్డకట్టాయి. పొయ్యి మీద కాచి మెత్తబరచడానికి రెండు గంటలు పట్టింది. ఆరున్నరకు బయలుదేరారు. ఒకరు నడుస్తుంటే ఒకరు నిలబడి తాడు పట్టుకోవడం, వంతులవారీగా. శిఖరానికి కొంచెం కింద సుమారు 40 అడుగుల నిలువు బండ ఎదురైంది. బండకూ మంచుకూ మధ్య సందులో దూరి హిల్లరీ పైకి పాకాడు. కింద టెన్సింగ్ తాడు పట్టుకున్నాడు. పైకి చేరాక హిల్లరీ తాడు పట్టుకున్నాడు, టెన్సింగ్ ఎక్కాడు.

1953 మే 29, ఉదయం 11 గంటల 30 నిమిషాలు. ఇద్దరూ ఎవరెస్టు మీద నిలబడ్డారు. ఎత్తు అప్పుడు 29 వేల అడుగుల పైచిలుకు అన్నారు. 2020లో కొలిచిన లెక్క 8,848.86 మీటర్లు.

అప్పుడు టెన్సింగ్ ఒంటి మీద ఏముందో చెప్తాను. మెడలో లాంబర్ట్ ఇచ్చిన ఎర్ర మఫ్లరు. తలకు డెన్‌మన్ అనే పాత స్నేహితుడు ఇచ్చిన ఉన్ని టోపీ. కాళ్ళకు ఆంగ్ లాము అల్లిన మేజోళ్ళు. శిఖరానికి చేరలేకపోయిన స్నేహితులను ఒంటి మీద వేసుకొని పైకి తీసుకుపోయాడు. మంచులో చిన్న గుంట తీసి మిఠాయిలు, చిన్న కూతురు నీమా ఇచ్చిన ఎరుపు నీలం పెన్సిలు ముక్క పెట్టి మొక్కాడు. గొడ్డలికి ఐక్యరాజ్యసమితి, బ్రిటన్, నేపాల్, భారత్ జెండాలు కట్టి ఎత్తి పట్టుకున్నాడు. హిల్లరీ ఫోటో తీశాడు. మన పుస్తకాల్లో ఉండే ఫోటో అదే. అందులో ఉన్నది టెన్సింగ్ ఒక్కడే. పావుగంట ఉండి దిగారు.

ముందు ఎవరు?

దిగిన దగ్గరనుంచి అందరిదీ ఒకటే ప్రశ్న. ముందు కాలు పెట్టింది ఎవరు? నేపాల్‌లో టెన్సింగే అన్నారు. ఇంకోచోట హిల్లరీయే అన్నారు. ఇద్దరూ కలిసే చేరామని చెప్పారు. ఎంత చెప్పినా జనం వదల్లేదు. చివరికి 1955లో వచ్చిన తన ఆత్మకథలో టెన్సింగ్ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. హిల్లరీ ముందు, తను వెనక, మధ్య కొద్దిపాటి తాడు. ముందు నేనే అని గొప్ప చెప్పుకుంటే కాదనడానికి అక్కడ మూడో మనిషి లేడు. అయినా నిజమే చెప్పాడు. నాకు ఇక్కడ సిగ్గేసింది. బండ మీద జరిగింది కూడా మేము ముగ్గురమే చూశాం. నేను చెప్పింది నిజమో కాదో ఆలోచించకుండానే చెప్పినాను.

గురువుగా

1954 నవంబరులో డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. నెహ్రూ గారికి అందులో ఎంతో శ్రద్ధ. కొండలెక్కడం నేర్పే ఆ బడిలో క్షేత్ర శిక్షణ డైరెక్టరుగా టెన్సింగ్‌ను పెట్టారు. 1976 దాకా పనిచేశాడు. అక్షరం రానివాడు ఎంతోమందికి గురువయ్యాడు. తాడు ఎలా కట్టాలి, ముడి ఎలా వేయాలి, పడితే ఎలా ఆపాలి, ఇవే పాఠాలు. 1959లో పద్మభూషణ్ ఇచ్చారు. 1986 మే 9న డార్జిలింగ్‌లో చనిపోయాడు. ఆ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలోనే దహనం చేశారు. ప్లూటో మీద ఉన్న ఎత్తయిన పర్వతాలకు 2017లో టెన్సింగ్ పేరు పెట్టారు.

మనకూ ఆయనకూ ఒక బంధుత్వం ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ గురుకుల పాఠశాలలోనే చదివింది. భువనగిరి బండ మీద మొదట నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ పొందింది. 2014 మే 25న, 14 ఏళ్ళు కూడా నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. టెన్సింగ్ పాఠం చెప్పిన ఊరి నుంచి ఆ విద్య మనలాంటి హాస్టలు పిల్లల దాకా వచ్చింది.

నేను చెప్పాల్సిన మాట

పుస్తకం పూర్తయ్యాక ఏడో తరగతి తమ్ముణ్ణి పిలిచి అడిగినాను, ఆ రోజు నువ్వేం చూసినావు అని. వాడు చెప్పినాడు. బావ నా చెయ్యి పట్టుకొని బండ మీద బోర్లా పడుకున్నాడంట. నా బరువుకు వాడు కూడా అంచుకు జారుతూ వచ్చినాడంట. చొక్కా చినిగి, రొమ్మంతా గీరుకుపోయి, సగం ఒళ్ళు బయటికి వచ్చినాక చెయ్యి విడిపోయిందంట. వదిలింది కాదు, విడిపోయింది. తర్వాత బావ పరుగున కిందికి దిగి, తమ్ముణ్ణి హాస్టలుకు పంపించి, నా తల ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడంట. సార్లు వచ్చేదాకా నన్ను ఒక్కణ్ణి వదలలేదు. నాకు స్పృహ లేదు. అందుకే నాకు తెలియదు. వాంగ్డి నోర్బుకు ఆ రాత్రి లేనిది నాకు ఆ పగలు ఉంది.

మిత్రులారా, టెన్సింగ్ జీవితం నుంచి మనం నేర్చుకోవలసింది శిఖరం ఎక్కడం ఒకటే కాదు. తాడు లేకుండా బండ ఎక్కొద్దు. తోడు లేకుండా అసలే పోవద్దు. పడ్డవాణ్ణి ఒంటరిగా వదలొద్దు. పట్టుకోబోయి పట్టుకోలేకపోయినవాణ్ణి నిందించొద్దు. వాడి వేలు కూడా విరిగి ఉంటుంది. మనం చూసి ఉండం.

బావా, నువ్వు గోడపత్రిక చివరి చార్టు దాకా చదువుతావని నాకు తెలుసు. నేను అందరికీ చెప్పింది తప్పు. అందరికీ చెప్పినాను కాబట్టి అందరి ముందే రాస్తున్నాను. నా పక్క మంచం ఇంకా ఖాళీగానే ఉంది.

- 10వ తరగతి విద్యార్థి